కడ్డీ ఆగని చోటు

పోయిన వారం మనం ఆగింది నల్లగుట్టపాడు ట్యాంకు నడిమధ్యలో. పదకొండు ఊళ్ళకు తాగునీళ్ళిచ్చే ట్యాంకు అది. ఇరవై రెండేళ్ళ పూడిక తీయడానికి నీళ్ళ మీద తేలే మిషన్ వచ్చింది. నీళ్ళు ఖాళీ చేసి తవ్వితే ఎండాకాలంలో ఊళ్ళకు గుక్కెడు నీళ్ళుండవు. అందుకని నీళ్ళుండగానే అడుగు బురదను పీల్చి, పైపులో గట్టు అవతలికి పోస్తున్నారు. మిషన్ నడిపేది ఆదోని నయీమ్. లోతు చూసే ఇనుప కడ్డీ అంతటా పదిహేడు అడుగుల దగ్గర గట్టి నేలకు తగిలి ఆగుతోంది. ఒక్కచోట ఆగలేదు. ఇరవై అడుగుల కడ్డీ పిడి దాకా దిగిపోయింది. గట్టు మీద బురద సర్దే కూలి సుంకమ్మ అది చూసి, "ఆడ బాయుండె" అంది. ట్యాంకు కాపలా లస్కరు బసప్ప, "ఆ బాయి పూడ్సినాము. నేనే దగ్గరుండి పూడిపిస్తి" అన్నాడు. పూడ్చిన బావిలో కడ్డీ పిడి దాకా దిగడానికి వీల్లేదు.

మరుసటి రోజు పదకొండు గంటలకు నయీమ్ పుట్టి తెచ్చి గట్టుకు ఆనించాడు. బసప్పను ఎక్కమన్నాడు. ఆ చోటి మీదికి వచ్చి, బావి పూడ్చిన మాట అక్కడ నిలబడి చెబితే, రెండు గంటలకు మిషన్ వేస్తానన్నాడు.

"గట్టు మీద సెప్తే ఒకటి, నీళ్ళ మీద సెప్తే ఒకటా?" అన్నాడు బసప్ప.

"గట్టు మీద సెప్పింది నేను వింటి గదా మామా. కడ్డీనే వినల్యా."

బసప్ప నవ్వబోయి మానుకున్నాడు. తువ్వాలు దులిపి తలకు చుట్టుకుని ఎక్కాడు. పుట్టి గట్టు వదిలేలోగా సుంకమ్మ వచ్చింది. చేతిలో పార గట్టులో గుచ్చి, చీర చెంగు నడుముకు దోపుకుని, ఎవరినీ అడగకుండా ఎక్కి కూర్చుంది. పుట్టి ఆమె పక్కకు ఒరిగి మళ్ళీ సర్దుకుంది.

"నువ్వేమిటికి సుంకమ్మా ఈ ఎండలో?"

"ఆ బాయి నీళ్ళు మూడేండ్లు మోసినదాన్ని. యాడుండెనో నాకూ తెలుసు."

సుంకమ్మకు నలభై అయిదేళ్ళు. నుదుట రూపాయి బిళ్ళంత కుంకుమ, చేతులకు డజను పచ్చగాజులు. బురదలో పనిచేసేవాళ్ళు గాజులు తీసి గట్టున పెడతారు. ఆమె తీయదు. ఆమె మొగుడు పుల్లన్న ఇరవై రెండేళ్ళ కిందట ఊరు విడిచి పోయాడు. పోయిన పది రోజులకు గుంతకల్లు స్టేషనులో మూట పట్టుకుని రైలు కోసం నిలబడి ఉండగా బసప్పే చూశాడు. ఊరికి వచ్చి చెప్పాడు. అప్పటి నుంచి సుంకమ్మ ఏడాదికి రెండుసార్లు గుంతకల్లు పోతుంది. ప్లాట్‌ఫారం మీద పొద్దున కూర్చుని, సాయంత్రం బస్సుకు వచ్చేస్తుంది. ఎండాకాలంలో ఒకసారి, దసరాకు ముందు ఒకసారి. నల్లపూసలు తెగితే అదే రోజు గుచ్చుకుంటుంది.

తెడ్డు నీళ్ళలో పడే చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. మే నెల ఎండకు గాలి కూడా ఎక్కడో నీడలో కూర్చున్నట్టుంది. నీళ్ళు కదలడం లేదు. గట్టు, గట్టు మీది తుమ్మచెట్లు, అవతల నల్లగుట్ట అన్నీ తలకిందులుగా నీళ్ళలో నిలబడి ఉన్నాయి.

బసప్ప ఊరి వైపు ముఖం పెట్టి కూర్చున్నాడు. అతను ఎప్పుడూ అంతే. రోజూ గట్టు మీద రెండుసార్లు తిరుగుతాడు. పోయేటప్పుడు మెడ ఎడమకు, వచ్చేటప్పుడు కుడికి. నీళ్ళ వైపు తిరగదు. మెడలో ఏదో జబ్బుందని ఊళ్ళో అందరూ అనుకుంటారు. ఎమ్మిగనూరులో డాక్టరుకు చూపించుకోమని చెప్పినవాళ్ళు కూడా ఉన్నారు.

మిషన్ నీళ్ళ మీద ఒక చిన్న ఇల్లంత ఉంది. ముందు భాగాన ఇనుప పళ్ళ చక్రం. అది దిగి బురదను కొరుకుతుంది, వెనక పంపు పీలుస్తుంది. మిషన్ కదలకుండా రెండు ఇనుప కాళ్ళు అడుగు నేలలోకి దింపి నిలబెడతారు. ఒక కాలు ఎత్తి, రెండో కాలి మీద తిరిగి, మళ్ళీ దింపి, అలా ఒక్కో అడుగే నడుస్తుంది. పోయినేడు ఇంకో జిల్లాలో ఒక మిషన్ కాలు పాత గోతిలో దిగి, మిషన్ పక్కకు పడిపోయింది. నయీమ్ అప్పుడు దాని మీదే ఉన్నాడు. ఈత వచ్చు కాబట్టి బతికాడు. ఆనాటి నుంచి కడ్డీతో చూసుకోకుండా కాలు దింపడు.

ముగ్గురూ ఎక్కారు. తోడు పనివాడు అన్నానికి గట్టుకు పోయి ఉన్నాడు. ఇంజను చల్లబడి ఉంది. అయినా రేకు మీద చెయ్యి పెట్టనీయడం లేదు ఎండ.

"ఈడ సూడు మామా." నయీమ్ కడ్డీ తీశాడు. మిషన్ ముందు అంచు నుంచి నీళ్ళలోకి దింపాడు. తొమ్మిది అడుగులు నీళ్ళు. ఆ తర్వాత బురద. కడ్డీ మెత్తగా దిగుతూ పోయి టక్కున ఆగింది. నేలకు తగిలిన మోత కాదది. రాతికి తగిలిన మోత.

"ఇది బండ," అన్నాడు నయీమ్.

"రాళ్ళతో పూడ్సినాము గదా. రాయి తగలక ఏం తగుల్తుంది."

నయీమ్ కడ్డీని జానెడు పక్కకు జరిపి మళ్ళీ వదిలాడు. మళ్ళీ బండ. ఇంకో జానెడు. బండ. నాలుగోసారి కడ్డీ ఆగలేదు. అతని చేతిలోంచి జారినట్టు పోయింది. పిడి పట్టుకుని ఆపాడు.

"రాళ్ళతో పూడ్సిన బాయిలో ఇంత సందు యాడ్నుంచి వచ్చె?"

బసప్ప ఊరి వైపు చూస్తూనే ఉన్నాడు. "ఏమో నాయనా. ఇరవై రెండేండ్లు. నీళ్ళు ఏమేం చేసినాయో."

"నీళ్ళు చెయ్యల్యా అంటాండాను నేను."

సుంకమ్మ మిషన్ అంచున కూర్చుని చేతిని నీళ్ళలో పెట్టింది. వెంటనే తీసి, ఇంకో పక్కకు జరిగి అక్కడ పెట్టింది. మళ్ళీ మొదటి చోటికి వచ్చింది.

"ఈడ నీళ్ళు సల్లగుండాయి నయీమూ," అంది.

ఆ సంగతి నయీమ్‌కు నిన్ననే తెలుసు. ఇంకొకటి కూడా తెలుసు. నిన్న ఈ చోటుకు దగ్గరగా వచ్చినప్పుడు పంపు రెండుసార్లు పట్టేసింది. విప్పి చూస్తే అందులో రాయి లేదు, వేరు లేదు, గుడ్డపీలిక లేదు. మళ్ళీ బిగిస్తే మామూలుగా తిరిగింది.

ఊళ్ళో మధ్యాహ్నం నమాజుకు పిలుపు వినిపించింది. అది ఆగిన తర్వాత, నీళ్ళలో బుడగలు లేచాయి. కడ్డీ దిగిన చోటనే. ఒకటి, రెండు, మూడు. ఆగి, మళ్ళీ మూడు. నిద్రపోయేవాడు ఊపిరి వదిలినట్టు తీరికగా లేచి, పగిలి, పోతున్నాయి.

"అడుగున కుళ్ళిన ఆకుంటే గాలి వస్తాది," అన్నాడు నయీమ్. ఎవరూ అడగకుండానే అన్నాడు. హార్బర్లలో ఎనిమిదేళ్ళు పనిచేసినవాడు, ఇలాంటివి ఎన్నో చూసినవాడు. అయినా కడ్డీ తీసి బసప్ప చేతికిచ్చాడు.

"నువ్వే దింపు మామా. దింపి, పూడ్సినాము అని ఒక్క మాట సెప్పు. రెండింటికి మిషన్ ఏస్తా. నిన్ను ఇంగ ఏమీ అడగను."

బసప్ప కడ్డీ పట్టుకున్నాడు. దింపాలంటే నీళ్ళ వైపు తిరగాలి. తిరగలేదు. కడ్డీని రేకు మీద పెట్టి, తనూ కూర్చున్నాడు.

"పూడ్సల్యా," అన్నాడు.

నయీమ్ అతని ఎదురుగా గొంతుకూర్చున్నాడు.

"అది పీర్ల బాయి నాయనా. అప్పుడు నువ్వు పసిపిల్లోడివి, ఆదోనిలో మీ అమ్మ కాడ ఉంటివి. పీర్ల పండగ పదోనాడు పీర్లను ఆడికే తెచ్చి కడిగేది. మీ తాత ఇమాం సాబు ముజావరు, పీర్ల చావిడి చూసుకునేటోడు. పెద్దపీరును ఎత్తేది ఈయమ్మ మొగుడు పుల్లన్న. ఊరు ఊరంతా ఆ నీళ్ళు తలమీద జల్లుకున్నోళ్ళమే. ట్యాంకు కడతామని ఆఫీసోళ్ళు వచ్చిరి. బాయి పూడ్సల్ల, రాళ్ళేసి దిమ్మిస కొట్టల్ల అనిరి. పదహారు ట్రాక్టర్ల రాళ్ళు తోలిపించిరి. నేను మేస్త్రీని. కూలోళ్ళను రాయి ఎత్తండ్రా అంటే ఒక్కడు గూడా వంగల్యా. పీర్లు మునిగిన నీళ్ళలోకి రాయెట్ల ఏస్తాము. వాళ్ళనేమిటికి అనల్ల, నాకే చెయ్యి రాల్యా."

"ఆ రాళ్ళేమాయె మరి?"

"గట్టు కడుపులో కలిపేసినాము. మీ తాత, నేను, ఊళ్ళో ఇంకా ఇద్దరు పెద్దోళ్ళు కూసోని అనుకున్న్యాము. బాయి నోటికి అడ్డం తుమ్మ దూలాలు, వాటి మీద నాపరాళ్ళు, పైన మట్టి. సూసేవానికి పూడ్సినట్లే ఉంటాది. లోపల బాయి బాయిగానే ఉంటాది. పైన నీళ్ళు వచ్చినాక ఎవురు సూస్తారు. అంతే నాయనా. దూలాలు నాని ఇప్పుడు ఒక బండ ఇరిగినట్లుండాది."

నయీమ్‌కు తాత గుర్తొచ్చాడు. ఇమాం సాబ్ చనిపోయేదాకా ఈ ట్యాంకు నీళ్ళు నోట పెట్టలేదు. ఇంటి ముందర కుళాయి ఉన్నా, రెండు మైళ్ళు నడిచి చేను బోరు నీళ్ళు తెచ్చుకునేవాడు. అడిగితే, ఉప్పగా ఉన్నాయి బేటా అనేవాడు. ఉప్పగా లేవు. నయీమ్ తాగి చూశాడు.

"దీనికేనా ఇంత దాపరికం?" అన్నాడు. "రాయి ఏయలేదని ఇప్పుడు నిన్నెవురు ఉరి తీస్తారు మామా?"

సుంకమ్మ మధ్యలో అందుకుంది. గొంతు పెంచలేదు.

"ఆఖరి బండ ఎవురు ఏసిరి బసప్పన్నా?"

బసప్ప తువ్వాలు కొసను వేలికి చుడుతూ, విప్పుతూ కూర్చున్నాడు.

నల్లగుట్టపాడులో ఒక పద్ధతి ఉంది. పదోనాడు పీర్లను కడిగి, వాటికి చుట్టిన దట్టీ గుడ్డలు విప్పి, సాగనంపిన తర్వాత ఎవరూ వెనక్కి తిరిగి నీళ్ళ వైపు చూడరు. చూస్తే పీరు మనసు అక్కడే నిలిచిపోతుందని, మరుసటేడు రాదని నమ్మకం. ముసలివాళ్ళు పిల్లల తలలు పట్టుకుని ఊరి వైపు తిప్పి నడిపిస్తారు. తుమ్మినా దగ్గినా ముఖం ఊరి వైపే.

"ముందు రోజే బండలు పరిచేసినాము," అన్నాడు బసప్ప. "ఒక మనిషి దిగేంత సందు ఇడిసిపెట్టినాము. పదోనాడు ఆ సందులోంచి నీళ్ళు చేది పీర్లను కడిగిరి. అందరూ ఊరి దావ పట్టిరి. పుల్లన్న పెద్దపీరును ఇంగొకరి చేతికిచ్చి ఎనక్కి వచ్చినాడు. ఆఖరిసారి గదన్నా, అడుగు మెట్టు మీద ఊదు పెట్టి వస్తా అన్న్యాడు. దిగినాడు. నేను ఊరి తట్టు తిరిగి కూసుంటి. సూడగూడదు గదా."

"దిగినాడు," అంది సుంకమ్మ.

"దిగినాడు. అంతలో జీపు వచ్చె. కాలవ గేటు ఎత్తేసినాము, గంటలో నీళ్ళొస్తాయి, ఉండేవాళ్ళంతా గట్టెక్కండి అని అరిసి పోయిరి. పుల్లా అని పిలిస్తి. మూడుసార్లు పిలిస్తి. పలకల్యా. నా ఎనకనుంచే ఎక్కిపోయింటాడు, పీరు ఎంబడి ఉరికింటాడు అనుకుంటి. గడ్డపారతో బండ తోసేస్తి." అతను ముఖాన్ని ఎడమ భుజం మీదికి తిప్పి చూపించాడు. "ఇట్ల పెట్టుకోని తోస్తి. తొంగి సూడల్యా."

తిప్పిన ముఖం అలాగే ఉంచాడు. నయీమ్‌కు అప్పుడు అర్థమైంది, ఆ మెడకు ఏ డాక్టరూ అక్కరలేదని.

"అంతేనా?" అంది సుంకమ్మ.

"మట్టి లాగేటప్పుడు లోపల దబదబమని ఇనపడె. బాయి గోడల్లో గువ్వలు గూళ్ళు పెట్టుకోనుండె. గువ్వలనుకుంటి."

"గువ్వలు బండను కొడతాయా?"

"కొట్టవు."

"ఎంతసేపు ఇనపడె?"

"నీళ్ళొచ్చేదాకా."

బుడగలు లేస్తూనే ఉన్నాయి. మూడు, ఆగి, మళ్ళీ మూడు. సుంకమ్మ చేతిని నీళ్ళలోంచి తీసి చెంగుతో తుడుచుకుంది. ఒక్కొక్క వేలూ విడిగా తుడుచుకుంది.

"మరి గుంతకల్లులో సూస్తి అంటివి."

"సూడల్యా."

"మూట పట్టుకోనుండె అంటివి. గడ్డం పెరిగుండె అంటివి."

"మూటా లేదు, గడ్డమూ లేదు. మూడు దినాలైనా వాడు ఊళ్ళో కనపడకపోయె. నాకు అన్నం దిగల్యా. బళ్ళారి పోయి ఎతికితి, గుంతకల్లు పోయి ఎతికితి. యాడా లేడు. తిరిగొచ్చినాక నువ్వు వాకిట్లో నిలబడి అడిగితివి, కనపడెనా అన్నా అని. నీ ముఖం సూసి లేదనలేకపోతి. సూస్తి అంటి. ఆ మాట నోట్లోంచి ఊడిపడినాక ఇంగ ఎనక్కి తీసుకునేదెట్ల."

"నలభై సార్లు పోయినా బసప్పన్నా నేను," అంది సుంకమ్మ. "ఆడ టీ అమ్మేటాయప్ప ముసిలోడై సచ్చిపోయె. ఆయప్ప కొడుకు ఇప్పుడు నన్ను సూస్తే అడగకుండా టీ పోస్తాడు."

బసప్ప తువ్వాలు నోట్లో కుక్కుకున్నాడు. ఏడుపు బయటికి రాలేదు. భుజాలు మాత్రం ఎగిరాయి.

అప్పుడే నయీమ్ ఫోను మోగింది. గట్టు మీద నుంచి హరికృష్ణ. కాంట్రాక్టరు మనిషి. గొంతు అందరికీ వినిపించేలా మాట్లాడతాడు.

"ఏం నయీమూ, పిక్నిక్కు పోయినారా ముగ్గురూ? రేపు తెల్లారి పదకొండూళ్ళకు నీళ్ళు ఇడవల్ల. ఈ పొద్దు ఆ నడిమధ్య పూడిక అయిపోవాల. రెండింటికి మిషన్ ఎయ్యి."

"అన్నా, ఈడ పాత బాయుంది. కాలు దిగిపోతే మిషన్ పడిపోతుంది. రెండు దినాలు టైమివ్వు."

"కాలు పక్కన దింపు, చక్రం దాని మీద తిప్పు. నేర్పించాల్నా నీకు? నువ్వు ఎయ్యకపోతే ఇంకో ఆపరేటరు ఉండాడు. ఎమ్మిగనూరు బస్టాండులో దిగి ఆటో ఎక్కినాడంట."

ఫోను ఆగింది. టైము ఒకటింబావు.

బసప్ప తువ్వాలు తీసి ముఖం తుడుచుకున్నాడు. "ఎయ్యి నయీమూ," అన్నాడు.

"ఏమి?"

"మిషన్ ఎయ్యి. ఆ పళ్ళకు బండలూ నిలవవు, ఏదీ నిలవదు. అంతా బురదై పైపులో పోతాది. పెద్దకడుబూరోళ్ళు ట్రాక్టర్లు పెట్టి పత్తి చేన్లకు తోలుకుంటాండారు. ఆ నేలలో కలిసిపోతాది. ఎవురికీ ఏమీ తెలీదు."

నయీమ్ లేచి నిలబడ్డాడు. "ఇంతసేపు ఏడ్సింది దీనికా మామా? జైలు తప్పించుకునేదానికా?"

"నాకు అరవై మూడు. జైల్లోనన్నా కన్ను మూతపడతాదేమో. నా కోసరం కాదు. ఈయమ్మ కోసరం. మల్లేశ్వరి కోసరం."

మల్లేశ్వరి సుంకమ్మ కూతురు. ఒక్కతే కూతురు. ఎమ్మిగనూరులో బట్టలంగడిలో పనిచేస్తుంది. ఆ పిల్ల గురించి నల్లగుట్టపాడులో ఎదురుగా ఎవరూ ఏమీ అనరు. పక్కకు తిరిగి అంటారు. ఆ ఏడు పుల్లన్న రెండు నెలలు గుంటూరు దిక్కు మిరపకాయలు కోయడానికి సుగ్గికి పోయాడు. పండగ మొదలయ్యే రోజు వచ్చి, బస్సు దిగి నేరుగా చావిట్లోకి నడిచాడు. పీరు ఎత్తేవాడు పది రోజులూ చావిడి నేల మీదే పడుకోవాలి, ఒక్కపొద్దు ఉండాలి, ఇంటి గడప తొక్కకూడదు, అదీ నేమం. పుల్లన్న తొక్కలేదు. ఊరంతా చూసింది. పదోనాడు మాయమయ్యాడు. అది శివరాత్రి దాటిన కాలం. మార్గశిరంలో మల్లేశ్వరి పుట్టింది. సరిగ్గా తొమ్మిది నెలలు. రచ్చబండ మీద వేళ్ళు మడిచినవాళ్ళు ఉన్నారు. అందుకే మొగుడు పోయాడన్నవాళ్ళూ ఉన్నారు.

"పుల్లన్న యాడో బతికుండాడు అనుకున్నంత కాలం అది వట్టి మాట సుంకమ్మా," అన్నాడు బసప్ప. "పండగలో ఎప్పుడో చాటుగా ఇంటికి వచ్చిపోయింటాడు, నేమం తప్పినందుకు సిగ్గయి ఊరిడిసినాడు అనేవాళ్ళు గూడా ఉండారు. ఆ బాయిలోంచి వాడు లేస్తే? పదోనాడు పగలే పోయినాడని తేలుతుంది. నేమం తప్పనోడే పోయినాడని తేలుతుంది. అప్పుడు ఊరు ఒకటే అడుగుతుంది. మల్లి ఎవురి బిడ్డ అని. నేను చేసింది చాలదా నీకు. అది గూడా నా చేత్తోనే చెయ్యమంటావా?"

నయీమ్ సుంకమ్మ వైపు చూశాడు. ఇంజను తాళం అతని దగ్గరే ఉంది. తిప్పితే మిషన్ అరుస్తుంది. తిప్పకపోతే ఆటోలో వచ్చేవాడు తిప్పుతాడు. ఏ మాటైనా ఆమె నోటి నుంచే రావాలి.

ఆమె చేతి గాజులు చూసుకుంటోంది. ఒక గాజుకు బురద ఎండి అంటుకుని ఉంది. గోటితో గీకింది. అది రాలిపోయేదాకా గీకింది.

"ఆ పొద్దు దీపం పెట్టే యాలకు వచ్చినాడు," అంది.

"ఎవురు?" అన్నాడు బసప్ప.

"నా మొగుడు."

బసప్ప మెడ తిరిగింది. ఊరి వైపు నుంచి, ఇరవై రెండేళ్ళ తర్వాత, ఇటు. అతను ఆమె ముఖాన్ని చూశాడు, ఆమె వెనక నీళ్ళనూ చూశాడు.

"పొయ్యి కాడ కూసోని జొన్నరొట్టె తట్టుకుంటాంటి. పెరటి తలుపులో నిలబడినాడు. తల నుంచి కాలి దాకా తడిసిపోయుండె. ఏమిట్ల తడిసినావు అంటే పీర్లను కడిగినాము గదా అనె. దీపం ముట్టించబోతే వద్దనె. రోలు పక్కన కూసోని మూడు రొట్టెలు తినె, శెనగబుడ్డల పొడి ఏసుకోని. రెండు నెలలకు ఇంటికొచ్చిన మనిషి, తినేంతసేపు ఒక్క మాట మాట్లాడల్యా. నేమం ఉండాది గదా, చావిట్లో పండుకోవా అంటి. సాగనంపేసినాము, ఇంగ నేమం లేదు అనె."

ఆమె ఆగింది. నయీమ్ తల దించుకున్నాడు.

"చెయ్యి పట్టుకుంటే తెల్లారిజాము కడవ మాదిరి సల్లగుండె. సలి పట్టిందేమో అనుకుంటి. తెల్లారేసరికి లేడు. సాప తడిసి ఉండె. నాలుగు దినాలు ఎండలో ఏస్తి, ఆ సాప ఆరల్యా. మడిచి అటక మీద పెట్టేస్తి."

"ఇన్నేండ్లు ఎవురికీ ఏమిటికి సెప్పల్యా అత్తా?" అన్నాడు నయీమ్.

"వద్దన్న్యాడు. నేనొచ్చినట్ల ఎవురికీ సెప్పొద్దు సుంకీ, అడిగినా సెప్పొద్దు అన్న్యాడు. ఆయప్ప చివరాఖరికి నన్ను అడిగింది అదొక్కటే. ఊరంతా అనరాని మాటలు అనె. కడుపుతో ఉన్నప్పుడు మా అత్త నా ముందర ఉమ్మె. సెప్పల్యా. ఎప్పటికన్నా వస్తాడు, తనే సెప్తాడులే అనుకుంటి. దానికేగా గుంతకల్లు పోతాంటి."

"ఎట్ల వస్తాడు సుంకమ్మా?" బసప్ప గొంతు గుసగుసలా వచ్చింది. "దీపాల యాలకు ఆ బండ మీద రెండు నిలువుల నీళ్ళుండె. సందు ఒక్కటే. దాని మీద నేను బండ తోస్తి, మట్టి లాగితి."

"తోసింది నువ్వు. నన్నడుగుతావా?"

"నువ్వు కలగన్నావేమో."

"కలకు బిడ్డ పుడతాదా?"

గట్టు మీద తుమ్మచెట్ల కింద ఒక ఆటో వచ్చి ఆగింది. ఎవరో దిగారు. హరికృష్ణ చెయ్యెత్తి వాళ్ళను పిలుస్తున్నాడు.

సుంకమ్మ లేచింది. చెంగు బిగించి దోపుకుంది.

"మిషన్ ఎయ్యొద్దు నయీమూ. ఎవుర్నీ ఎయ్యనీయొద్దు. మనుషుల్ని దింపి బండ తీయించు."

"అత్తా, బాగా అనుకోనే అంటాండావా? లోపల పుల్లన్న మామ ఉంటే, రేపు ఊరంతా..."

"ఉంటే, ఆ పొద్దు నా ఇంటికి వచ్చి నా చేతి కూడు తిన్నదెవురో నాకు తెలియాల. లేకపోతే, నీళ్ళొచ్చేదాకా ఆ బండను కొట్టిందెవురో ఈయన్నకు తెలియాల. తెలీకుండా ఇన్నేండ్లు బతికినాము ఇద్దరమూ. సూడు ఎట్లుండామో."

నయీమ్ ఇంజను తాళం తీసి చొక్కా జేబులో వేసుకుని, జేబు గుండీ పెట్టుకున్నాడు.

గట్టు నుంచి రెండో పుట్టి కదిలింది. తెడ్డు వేస్తున్నది కొత్త ఆపరేటరు. నల్లటి బ్యాగు అతని కాళ్ళ మధ్య ఉంది. అతని ఎదుట, ఒడిలో అన్నం క్యారియరు పెట్టుకుని మల్లేశ్వరి కూర్చుంది. అంగడికి సెలవైనట్టుంది, లేకపోతే ఈ టైముకు రాదు. పుట్టి దగ్గరయ్యే కొద్దీ ఆ పిల్ల ముఖం కనిపిస్తోంది. బసప్ప కూడా లేచి, ఆ ముఖంలో ఎవరి పోలికో వెతుకుతున్నవాడిలా కళ్ళు చిట్లించి చూస్తున్నాడు.

"అమ్మా," అని పిలిచింది మల్లేశ్వరి. నీళ్ళ మీద ఆ గొంతు చాలా దగ్గరగా వినిపించింది. "ముగ్గురూ అట్ల నిలబడినారేంది? ఏమన్నా దొరికిందా ఆడ?"

బసప్ప సుంకమ్మ వైపు తిరిగాడు. వద్దన్నట్టు చెయ్యి ఎత్తాడు.

సుంకమ్మ ఆ చేతిని చూడలేదు. మిషన్ అంచుకు నడిచి, కూతురికి చెయ్యి అందించడానికి వంగింది.

"పైకి రా మల్లీ," అంది. "మీ నాయన నన్ను సెప్పొద్దన్న మాట ఒకటుండాది."